నడుమ ముప్పైనాలుగు

వల నడుమ రెండంగుళాలు కుంగి ఉండాలన్న నియమం అశోక్ నగర్‌లో ఎవడికీ పట్టదు.

రెండువేల పదమూడు మే మాసాన, చిక్కడపల్లి ఆటోల హారన్లు శంఖాలై మోగగా, నారాయణగూడ బస్సులు మదగజాలై ఘీంకరించగా, హాస్టళ్ల నుంచి గ్రూప్స్ అభ్యర్థుల పఠనఘోష మింటినంటగా, వాటర్ ట్యాంకుల వెనక నుంచి భానుడు ఉదయించిన వేళ, డాబా అనే రణరంగాన నిలిచాడు ధర్మారావు. భార్య పోయిన ఇంట్లో పొద్దుటి గంట గడవదు. చెక్కబ్యాటుతో, చిల్లుల ప్లాస్టిక్ బంతితో ఆడే పికిల్‌బాలే దాన్ని గడిపేది. కాలనీ జట్టులో ఒక్క చోటే మిగిలింది. నేడు గెలిచినవాడిదే అది.

ప్రత్యర్థి రాజేశం, గ్రంథివిద్యాధురంధరుడు, అనగా ముడులు వేయుటలో మొనగాడు, నైలాన్ తాడును వీణతీగలా బిగించి వల కట్టాడు. ధర్మారావు టేపు పట్టాడు. కొసల్లో ముప్పయ్యారు అంగుళాలు, సరే. నడుమా ముప్పయ్యారే! నడుమ వలను ఒరుసుకుంటూ పోయే దెబ్బే ధర్మారావు ఏకైక దివ్యాస్త్రం; దానికి అది మృత్యుద్వారం.

"రాజేశం! నడుమ ముప్పైనాలుగుండాలె. రూలు నీ ముడికి తల వంచదు!"

"ఏందన్నా, సక్కగ గట్టుడు గూడ తప్పేనా? కుంగిన వల జూస్తే ఇజ్జత్ పోదా?"

ముడి విప్పబోతే ధర్మారావు గోరు విరిగింది. ముడి చలించలేదు. ఆట మొదలైంది. దివ్యాస్త్రాలన్నీ వలకు తగిలి నేలకొరిగాయి. పదకొండు పాయింట్ల పోరులో రాజేశం తొమ్మిదికి చేరాడు. ధర్మారావు రెండు దగ్గరే.

అంతలో ఇంటి యజమానురాలు అనసూయమ్మ, బకెట్‌పాణియై, ప్రత్యక్షమైంది.

"నా దండెం విప్పి వల గట్టమని ఎవలు జెప్పిన్రు? జర జరుగుర్రి!" అని, నీళ్లోడుతున్న మందపాటి చెద్దరును సరిగ్గా నడుమన ఆరేసి పోయింది.

తాడు కుంగింది. టేపు ముప్పైనాలుగు చూపింది.

"వల మీద చెద్దరుంటదా?" రాజేశం గర్జించాడు.

"రూల్ల ఎత్తే జెప్పిన్రు, చెద్దరొద్దని జెప్పలే. దమ్ముంటే పోయి అక్కను తియ్యమను!"

రాజేశం మెట్లవైపు చూశాడు. పోలేదు.

అస్త్రపరంపర సాగింది. ధర్మారావు పది, రాజేశం తొమ్మిది. ఇక ఒక్క దెబ్బ. కానీ ప్రచండమార్తాండుడు చెద్దరును ఆరబెడుతున్నాడు, తాడు వెంట్రుకవాసి చొప్పున లేస్తోంది! ధర్మారావు సీసాడు తాగునీళ్లు చెద్దరుకు అభిషేకించి, సర్వీసు చేసి, తిరిగొచ్చిన బంతిని నడుమకు వదిలాడు. అది తడిగుడ్డను ముద్దాడి అవతల పడి చచ్చింది.

విజయం! రెండంగుళాల మహావిజయం! దిక్కులు పిక్కటిల్లాయి.

"అన్నా, జర సప్పుడు జెయ్యకుర్రి, సదువుకుంటున్నం," అన్నది పక్క డాబా.

అనసూయమ్మ వచ్చి చెద్దరు పిండి చూసింది. "ఇంత ఎండల గూడ ఆరలేదేంది?"

ధర్మారావు ఖాళీ సీసాను వెనక దాచాడు. ఆ సంగతి జన్మలో ఎత్తడు.