నాలుగు కిలోల టేకు రైఫిల్

ఆ శనివారం ఉదయం రత్నాకర్ పెట్టుకున్న పని చాలా చిన్నది. టీ తాగాలి, వడ్రంగి స్వామిదాసు దగ్గర చేయించిన చెక్క తెచ్చుకోవాలి, మేడెక్కి పదిహేను నిమిషాలు బోర్లా పడుకోవాలి. తర్వాత భార్య శాంతమ్మ చెప్పిన కరివేపాకు తేవాలి. అంతకు మించి లోకంతో ఆయనకు పేచీ లేదు.

చేవెళ్లలోని ఒక కాలేజీలో లైబ్రేరియన్ అయిన రత్నాకర్‌కు ఈమధ్యే యాభై నిండాయి. ఈ యాభై ఏళ్లలో ఆయన గెలిచింది ఒకే ఒక్కసారి. చదువుకునే రోజుల్లో, ఎన్‌సీసీ క్యాంపులో, ఆయనకిచ్చిన ఏడో నంబరు కాగితం మీద ఐదు గుండ్లకు ఐదూ రూపాయి బిళ్లంత మేర దిగాయి. మేజరు గారు సంతకం పెట్టిన సర్టిఫికెట్ ఇప్పటికీ హాల్లో, బైబిలు వాక్యాల క్యాలెండరు పక్కన, పెద్ద మేకుకు వేలాడుతూ ఉంటుంది. ఆ రోజు పక్కనే పడుకుని కాల్చిన క్లాసుమేటు వరప్రసాద్‌ది ఎనిమిదో నంబరు. ఆ కాగితం మీద ఒక్క చిల్లూ లేదు. "కాగితాలు మార్చిండ్రు" అని వరప్రసాద్ ఆనాడు మొదలుపెట్టిన మాట ముప్ఫై ఏళ్లుగా చర్చి మెట్ల మీదా, పెళ్లి పందిళ్లలోనూ, చివరికి సమాధుల తోటలోనూ చెబుతూనే ఉన్నాడు. విన్నవాళ్లు నవ్వి ఊరుకునేవారు. రత్నాకర్‌కు మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఉన్నది ఒక్క గెలుపు. దానికీ మచ్చేనా?

అలాంటి సమయంలో మొయినాబాదు దగ్గర ఒక షూటింగ్ క్లబ్బువాళ్లు యాభై నిండినవారికి యాభై మీటర్ల పోటీ ప్రకటించారు. ఎవరి రైఫిల్ వారే తెచ్చుకోవాలి. వరప్రసాద్ పేరిచ్చాడని తెలిసిన సాయంత్రమే రత్నాకర్ కూడా ఇచ్చేశాడు. ఆపైన మూడు నెలలుగా రైఫిల్ వెతుకుతున్నాడు. లైసెన్సు అక్కర్లేని ఎయిర్ రైఫిలే కావచ్చు, కానీ చౌకదానికి గురి ఉండదు, గురి ఉన్నదానికి చౌక ఉండదు. దూరం చూపించే దుర్బీను విడిగా కొనాలంటే అది రైఫిల్ కంటే ప్రియం. వీడియోలు చూసి రాసుకున్న వివరాలతో నోటుబుక్కు నిండిపోయింది.

"నన్ను జూడనీకి వచ్చిన నాడు గింత సేపు జూడలేదు మీరు" అంది శాంతమ్మ.

ఎట్టకేలకు ధరా గురీ రెండూ కుదిరిన రైఫిల్ ఒకటి కనబడింది. చిక్కల్లా బరువుతోనే. దుర్బీనుతో కలిపి నాలుగు కిలోలు. కొన్నాక మోయలేకపోతే వాపసు తీసుకోరు. అందుకని అదే పొడవు, అదే బరువు ఉన్న చెక్క ఒకటి చేయించుకుని, నిలకడగా పట్టుకోగలనో లేదో చూసుకుందామనుకున్నాడు. ఉపాయం మంచిదే. కానీ స్వామిదాసు చర్చికి బెంచీలు చేసే మనిషి, ఏ పనీ సగంలో ఆపడం ఆయనకు చేతకాదు. టేకు చెక్క చెక్కి, ఇనుప గొట్టం దించి, నల్లరంగు వేసి పెట్టాడు.

"గిదేంది స్వామిదాసన్నా? నేను అడిగింది ఉత్త చెక్క గదా?"

"ఫోటో పంపితిరి గద సార్. పంపినంక అట్లనే చెయ్యకుంటే ఎట్ల? ట్రిగ్గర్ గూడ గుంజచ్చు, చూడుండ్రి. పేలదు గని."

దాన్ని దుప్పట్లో చుట్టి తెచ్చి, రత్నాకర్ మేడ మీద బోర్లా పడుకుని దూరంగా ఉన్న నీళ్ల ట్యాంకుకు గురిపెట్టాడు. సరిగ్గా అప్పుడే పక్క మేడ మీద రామమ్మ ఆరబెట్టిన వడియాల మీదికి కోతుల మంద దిగింది. చేవెళ్ల కోతులు కర్రలకూ పటాకులకూ బెదిరే రకం కాదు. భయపెట్టడానికి ఎవరో పులిబొమ్మ పెడితే దాని వీపు మీదే పడుకుని పేలు చూసుకున్నాయి. అటువంటివి ఆ నల్ల గొట్టం తమవైపు తిరగగానే కిచకిచమని ఒక్క అరుపు అరిచి, గోడలు దూకి మాయమయ్యాయి.

కర్ర పట్టుకుని మెట్లెక్కి వచ్చిన రామమ్మ నోరు తెరుచుకుని నిలబడింది.

"సారూ! తుపాకి తెచ్చినవా బిడ్డా? నా వడియాలు దక్కినయి! నీ కడుపు సల్లగుండ!"

"అవ్వా, గిది తుపాకి కాదు..." అనబోయాడు రత్నాకర్. కానీ ఇన్నేళ్లలో ఆయనవైపు అంత గౌరవంగా చూసిన మనిషి లేదు. లైబ్రరీకి వచ్చే పిల్లలు కూడా ఫ్యాను తిరిగే చోటు అడుగుతారు తప్ప ఇంకేమీ అడగరు. అందుకని మాట మధ్యలో సర్దుకున్నాడు. "...అంత పెద్ద తుపాకి కాదు."

మధ్యాహ్నానికి కిరాణా కొట్టు రాఘవేందర్ అరటిపళ్ల గెల పట్టుకుని వచ్చాడు. "కాల్చకున్నా సరే సార్, జర మా షాపు ముంగట నిలవడుండ్రి, చాలు" అన్నాడు. రత్నాకర్ నిలబడ్డాడు. కోతులు పోయాయి. పోయినవి ఊరు దాటిపోలేదు, వెనక వీధిలోకి వెళ్లాయి. ఆదివారం ఆరాధన ముగియగానే వెనక వీధివాళ్లు రత్నాకర్‌ను చర్చి గేటు దగ్గరే పట్టుకున్నారు.

"మీ కోతులను మా మీదికి తోలుడు మంచిదేనా సార్?"

వాళ్ల వీధికీ వెళ్లి తోలాడు. సోమవారం అవి మళ్లీ రామమ్మ మేడ ఎక్కాయి. మంగళవారం ఆలూరు నుంచి టమాటా రైతులు ఆటో పంపించారు. బుధవారానికి రత్నాకర్‌కు విషయం బోధపడింది. తాను ఐదు రోజులుగా అవే నలభై కోతులను చేవెళ్ల చుట్టూ తిప్పుతున్నాడు, ప్రతి వీధీ తనకు విడిగా దండం పెడుతోంది. ఈలోగా రైఫిల్ షాపువాడు ఫోన్ చేసి ఫైనల్ చేశారా అని అడిగితే, "ఇప్పుడు టైం లేదు, డ్యూటీల ఉన్న" అని పెట్టేశాడు.

"నిజం చెప్పేయుండ్రి. గోటితోని పోయేదానికి గొడ్డలి దాక తెచ్చుకోకుండ్రి" అంది శాంతమ్మ.

"ఎట్ల చెప్పాలె శాంతా? వరప్రసాద్ చెవిల పడితే ఏమంటడు? తుపాకి దొంగది, సర్టిఫికెట్ గూడ దొంగదే అంటడు. ఇంకో ముప్ఫై ఏండ్లు వినాలె నేను."

శుక్రవారం ఆ వరప్రసాదే ఇంటికి వచ్చాడు. గోడ మీద సర్టిఫికెట్ కనబడకుండా దానికి వీపు పెట్టి కూర్చుని, కాసేపు గొంతు సవరించుకున్నాడు.

"రేపు మా బిడ్డ మేఘ నిశ్చితార్థం ఉన్నదిరా. మొయినాబాదు ఫంక్షన్ హాల్ల, బయట లాన్ల పెట్టినం. పోయిన వారం గాడనే కోతులు బిర్యానీల పడ్డయట, చుట్టాలు పస్తు పోయిన్రట. మగపిల్లగాని దిక్కువాళ్ల ముందట ఇజ్జత్ పోతది. నువ్వు జర రావాలె... తుపాకితోని."

ముప్ఫై ఏళ్లలో వరప్రసాద్ తనను ఒక సాయం అడగడం ఇదే మొదటిసారి. నిజం చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం లేదు, చెప్పకుండా ఉండటానికీ ఇంతకన్నా తీపి సమయం లేదు. రత్నాకర్ క్యాలెండరు వంక చూస్తూ, "చూస్త. వేరే డ్యూటీ లేకుంటే వస్త" అన్నాడు.

శనివారం మొయినాబాదులో అంతా సవ్యంగానే నడిచింది. భోజనాల బల్లల దగ్గర కుర్చీ వేసుకుని, రైఫిల్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు రత్నాకర్. చుట్టాలు వచ్చి సెల్ఫీలు దిగారు. ప్రహరీ మీద కోతులు బారుగా కూర్చుని చూశాయే గానీ ఒక్కటీ దిగలేదు. మేఘ, పెళ్లికొడుకు ఉంగరాలు మార్చుకున్నారు. ఇక భోజనానికి ప్రార్థన చేయడమే మిగిలింది.

ప్రార్థన చేసేది పాస్టరు అబ్రహాము అయ్యగారు. ఆయన భోజన ప్రార్థన ఆదాము దగ్గర మొదలై, నోవహు ఓడ దాకా వచ్చేసరికి పప్పు చల్లారుతుంది. రెండు వందల మంది తలలు వంచి కళ్లు మూశారు. రత్నాకర్ కూడా భక్తిపరుడే. రైఫిల్‌ను కుర్చీకి ఆనించి, చేతులు జోడించి, కళ్లు మూసుకున్నాడు. ఆ లాన్‌లో కళ్లు తెరిచి ఉన్నవి కోతులు మాత్రమే.

"ఆమెన్" అని కళ్లు తెరిచేసరికి మందలోని పెద్ద గండుకోతి కేకు బల్ల మీద కూర్చుని ఉంది. మూతికి క్రీము, ఒళ్లో రైఫిల్. గొట్టం నేరుగా పెళ్లికూతురి తండ్రి ఛాతీ వైపు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు దాన్ని అటూ ఇటూ తిప్పి, చివరికి ట్రిగ్గరు దగ్గర వేలు పెట్టి గుంజసాగింది. స్వామిదాసు పనితనం, ట్రిగ్గరు చక్కగా కదులుతోంది.

రెండు వందల మందీ ఒక్కసారి నేలను కరుచుకున్నారు. వరప్రసాద్‌కు పరిగెత్తే దారి లేదు. మోకాళ్ల మీద పడి, రెండు చేతులూ ఆకాశానికెత్తి, భోరుమన్నాడు.

"ప్రభువా, నన్ను క్షమించు! ముప్ఫై ఏండ్ల సంది అబద్ధమాడిన! కాగితాలు ఎవ్వలు మార్చలేదు! నేనే నంబరు తప్పు జూసిన! నా ఎనిమిది ఇడిచిపెట్టి, రత్నాకర్ ఏడు మీద కాల్చిన! ఐదు గుండ్లు దానిమీదనే కొట్టిన! నవ్వుతరని చెప్పలేదు తండ్రీ!"

"అంకుల్, మా డాడీని కాపాడుండ్రి!" అని బల్ల కింద నుంచి మేఘ ఏడ్చింది.

ఆ పిల్ల ఏడుపు వినగానే రత్నాకర్‌కు పరువూ గిరువూ గుర్తుకు రాలేదు. "లేవుండ్రి! ఎవ్వలకు ఏం గాదు! గది తుపాకి కాదు, చెక్క! నేనే అందరికి అబద్ధం చెప్పిన!" అని గట్టిగా అరిచాడు. ఎవరూ నమ్మలేదు. చేసేది లేక, తిన్నగా బల్ల దగ్గరికి నడిచి, కోతికి ఒక లడ్డు అందించాడు. కోతి లెక్క చూసుకుంది. రైఫిల్ తినడానికి పనికిరాదు, లడ్డు పనికొస్తుంది. దాన్ని వదిలి దీన్ని పట్టుకుని గోడెక్కింది. రత్నాకర్ రైఫిల్ ఎత్తి బల్లకేసి కొట్టాడు. టక టకమని టేకు మోగింది.

జనం మెల్లగా లేచి దుమ్ము దులుపుకున్నారు. అందరికంటే ముందు తేరుకున్నది అబ్రహాము అయ్యగారు.

"బిడ్డా రత్నాకర్, ఏడో కాగితం మీద చిల్లులు ఎన్ని?"

"ఐదు, అయ్యగారూ."

"వరప్రసాద్ దానిమీద కొట్టినయి?"

"ఐదంటున్నడు."

"మరి నీ ఐదు ఎటు పోయినయి?"

తన ఐదూ అటెటో పోయినట్టు రత్నాకర్ దూరంగా ఆకాశంలోకి చూశాడు. ముప్ఫై ఏళ్లు రోజూ చూసుకుని మురిసిన కాగితం, ఇంకొకరిది. కళ్లలో నీళ్లు తిరగబోతుండగా శాంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం కనబడింది. ఆమెను చూసి ఆయనకూ నవ్వొచ్చింది. వరప్రసాద్ వచ్చి వాటేసుకుని ఏడుస్తూ నవ్వాడు. బిర్యానీ ఇంకా వేడిగానే ఉంది. నిశ్చితార్థం ఆగలేదు. మగపిల్లవాడి తరఫువాళ్లు ఇంత మంచి వేడుక ఎక్కడా చూడలేదన్నారు.

వెళ్లేముందు హాలు మేనేజరు రత్నాకర్ దగ్గరికి వచ్చాడు. "సార్, వచ్చే నెల ఆరు ఫంక్షన్లు ఉన్నయి. మీరు రావాలె."

"చెక్కదని చూసిన్రు గద?"

"మనం చూసినం సార్. కోతులకు ఎవలు చెప్తరు?"

"గా పెద్దది పట్టుకొని చూసె గద. దానికి తెల్వదా?"

"తెలిసినా చెప్పదు సార్. దాని ఇజ్జత్ గూడ ఉన్నది గద."

మర్నాడు ఆరాధన కాగానే రత్నాకర్ సర్టిఫికెట్‌ను వరప్రసాద్ చేతిలో పెట్టాడు. దాంతోపాటు మూడు నెలల నోటుబుక్కు కూడా ఇచ్చి, "నాలుగు కిలోలదే తీస్కో. ధర మంచిగున్నది, గురి మంచిగున్నది. ఒక్కటే ముచ్చట, కాల్చేముందు నంబరు జర చూస్కో" అన్నాడు. పోటీలోంచి తన పేరు కొట్టేయించుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఖాళీ మేకుకు శాంతమ్మ టేకు రైఫిల్‌ను తగిలించి ఉంచింది. "గిప్పుడన్న కరివేపాకు తెస్తరా?" అని అడిగింది.

చేవెళ్ల, మొయినాబాదు మండలాల్లో ఇప్పటికీ ఆ రైఫిల్‌కు గిరాకీ ఉంది. దాని గురి ఇంతవరకు ఒక్కసారి కూడా తప్పలేదు.