సున్న తొట్టి

2012 మార్చిలో ఆ పొద్దున పురుషోత్తం పెట్టుకున్న పని చాలా చిన్నది. ఎల్లారెడ్డిలో ఇంటి డాబా మీదున్న నాచు తొట్లు చూసుకోవాలి, బస్టాండుకు వెళ్లి గైడు సీమోను సార్‌ను తీసుకురావాలి, రిపోర్టు మీద సంతకం చేయించుకోవాలి. ఆరేళ్లుగా ఈడుస్తున్న పీహెచ్‌డీకి ఆ రోజే ఆఖరి గడువు.

తొట్లు ఐదు. నీళ్లలో పెరిగే సన్న నాచుకు ఎంత యూరియా సరిపోతుందో తేల్చాలి. నాలుగింటికి ఒకటి నుంచి నాలుగు చెంచాల దాకా వేశాడు. సున్న చీటీ అంటించిన ఐదోదానికి ఏమీ వేయలేదు. అది పాలిపోయి ఉంటేనే మిగతావాటి లెక్క నిలబడుతుంది. ఆ తర్వాత పరీక్షల డ్యూటీ అంటూ ఇరవై రోజులు కామారెడ్డిలో ఇరుక్కుపోయాడు.

ఇప్పుడు మూతలు తీసి చూస్తే సున్న తొట్టి పాలకూరలా నిగనిగలాడుతోంది. నాలుగు చెంచాలది తెల్లబోయింది. అతనూ తెల్లబోయాడు.

"అవ్వా, తొట్లను ఎవలన్న ముట్టిండ్రా?"

"నేనుండంగ ఎవలు ముడ్తరు కొడుకా?" అంది తల్లి భూదవ్వ.

అయితే చీటీలు అంటించేటప్పుడు తానే తారుమారు చేశాననుకున్నాడు. ఆ రెండు చీటీలూ పీకి అటుదిటు, ఇటుదటు అంటించాడు. పట్టిక ముచ్చటగా కుదిరింది. మనసు మాత్రం కుదరక, బస్టాండు దాకా గోళ్లు కొరుక్కుంటూ నడిచాడు.

సార్‌ను డాబా ఎక్కించి సున్న తొట్టి మూత తీశాడు. పేడనీళ్లు. పైన గడ్డిపరకలు తేలుతున్నాయి.

"ఇదేంటయ్యా?" అన్నాడు సీమోను.

భూదవ్వ సంతోషంగా ముందుకొచ్చింది. "నేనే పోసిన సారూ. నా కొడుకు నాలుగిట్ల వడ్డించి, గీ గుండ్రం చీటీ దాని నోరు కొట్టిండు. బంతిల కూసున్నంక ఒక్కనికి పెట్టకుంట పోతరా? వాకిట్ల సానిపి చల్లంగ మిగిలింది రోజింత పోసిన. గని చీటీ మొన్నటిదాంక గా మూలకుండె, ఇయ్యాల గిటెట్లొచ్చిందో! చీటీ జూసి ఇంతకుముందే గిండ్లనే పోసిన."

భూమి చీలితే బాగుండునని పురుషోత్తానికి అనిపించింది. కానీ తానున్నది డాబా మీద. ఆరేళ్ల చదువు చెంబెడు పేడనీళ్లలో కలిసిపోయింది. ఏడుపొక్కటే తక్కువ.

"చీటీలు మార్చావా?"

"మార్చిన సార్."

"సంతకం పెట్టను."

సీమోను మూలనున్న పచ్చటి తొట్టి మీదికి వంగి, నాచును వేలితో కదిపి చూశాడు. "యూరియా తొట్లన్నిటికంటే ఇదే బాగా పెరిగింది. వాళ్లనీ వీళ్లనీ బతిమాలి ఇంకో ఆర్నెల్లు గడువిప్పిస్తాను. పేడనీళ్లతో మళ్లీ మొదటినుంచి చెయ్యి. అమ్మా, రోజూ ఎంత పోశారు?"

"మిగిలినంత సారూ."

పురుషోత్తం తల పట్టుకున్నాడు.

"ఈసారి మాత్రం ఒక తొట్టికి ఏమీ పోయకూడదమ్మా. చుక్క కూడా."

భూదవ్వ ఆ ఖాళీ కడుపు తొట్టి ఏదవుతుందోనని ఐదింటినీ జాలిగా చూసింది. "మీ మాట కాదంటనా సారూ? మీరుండంగ పొయ్య."

పురుషోత్తం కొత్త గడువును డైరీలో పెన్సిలుతో రాసుకున్నాడు.