స్కానులో మొలిచిన పన్ను

రెండేళ్ళ క్రితం పీకేసిన రామ్మూర్తి పన్ను కంప్యూటరు తెర మీద చెక్కుచెదరకుండా కనిపించింది.

డాక్టర్ శిరీష కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. కింది దవడ, ఎడమవైపు, కోరపన్ను పక్కది. తెర మీద ఉంది. కుర్చీలో వెనక్కి వాలిన మనిషి నోట్లో లేదు.

ఆ ఉదయం ఆమె అనుకున్నది చిన్న పనే. పదింటికి రామ్మూర్తి దవడలో ఇంప్లాంటు స్క్రూ బిగించాలి, పన్నెండింటికి ఇంటికి వెళ్ళాలి. ముమ్మిడివరం చుట్టుపక్కల రామ్మూర్తి నాదస్వరం లేని పెళ్ళి తక్కువ. పన్ను పోయిన దగ్గర్నుంచి ఊదినప్పుడల్లా గాలి పక్కకి పోతోంది. మాఘమాసం ముహూర్తాలకి కొత్త పన్ను కుదురుకోవాలంటే ఈ వారమే స్క్రూ పడాలి. అందుకే కాకినాడ పంపి త్రీడీ స్కాను తీయించింది. ఎముక ఎంత లోతుందో, నరం ఎక్కడ పోతోందో మిల్లీమీటర్లతో సహా చూపించే స్కాను అది.

"నేను ముందే చెప్పేనండి," అంది రామ్మూర్తి భార్య మంగాయమ్మ. "ఆ పీకినాయన సగం లోపలే వదిలేసుంటాడు."

"సగం కాదమ్మా, మొత్తం ఉంది."

"అయితే మళ్ళీ మొలుస్తోందేమోనండి. ఈయనకి అన్నీ ఆలస్యమే."

రామ్మూర్తి పక్కన ముప్ఫై ఏళ్ళుగా డోలు వాయిస్తున్న పెదబాబు, గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని గోడ మీది క్యాలెండరు శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు.

శిరీష స్కాన్ సెంటరుకి ఫోన్ చేసింది.

"పేరు రామ్మూర్తేనండి, వయసు యాభై ఎనిమిదేనండి," అన్నాడు మేనేజరు.

"ఇంకొకరి ఫైలుతో మారిందేమో చూడండి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. రామ్మూర్తి తర్వాత స్కాను తీయించుకున్నది కొత్తపేట బుచ్చిరాజు. మేనేజరు కంగారుపడి ఆయనకి ఫోన్ చేసేసరికి ఆయన కొత్తపేటలో ఇంకో డాక్టరు కుర్చీలో ఉన్నాడు. మత్తు ఇంజెక్షను కూడా పడింది. స్కాను తనది కాకపోవచ్చని, తనది శిరీష దగ్గరుండొచ్చని వినగానే కుర్చీ దిగి కారెక్కాడు.

పదకొండున్నరకి అమలాపురంలో శిరీష క్లినిక్కు ముందు దిగాడు. కింది పెదవి ఒకపక్కకి జారిపోయి ఉంది.

"నా దవడ ఎవరి దగ్గరుందండి?" అని అడిగాడు.

"ఆ సెంటరువాళ్ళని వదలకూడదండి," అన్నాడు రామ్మూర్తి. "మనిషి దవడంటే ఆటలా ఉంది."

శిరీష బుచ్చిరాజు నోరు తెరిపించి తెరతో సరిచూసింది. "ఈ దవడ మీ ఇద్దరిదీ కాదండి. మూడో మనిషిది."

ఇంతలో మేనేజరే మళ్ళీ ఫోన్ చేశాడు. "ఆ రోజు వచ్చిన తొమ్మిదిమందికీ చెప్పేసేమండి. రాజోలు నుంచి ఇద్దరు మీ దగ్గరికే బయల్దేరేరు."

శిరీష గ్లవ్స్ తీసేసి కూర్చుంది. మంగాయమ్మ బుచ్చిరాజుకి మంచినీళ్ళిచ్చింది. ఆయన తాగిన నీళ్ళు సగం చొక్కా మీదకి కారాయి. ఆ సంగతి ఆయనకి తెలియలేదు.

రామ్మూర్తి ఆ పెదవి వంకే చూస్తూ ఉండిపోయాడు. "డాక్టరుగారూ, స్క్రూ నరానికి తగిలితే ఇలాగే ఉంటదాండి?"

"ఈయనకి సాయంత్రానికి సర్దుకుంటుంది. మీకు ఎప్పటికీ సర్దుకోకపోవచ్చు. అందుకే కదండీ స్కాను."

ఆ పెదవితో సన్నాయి పట్టడం కుదరదు. పెదబాబు స్టూలు మీంచి మెల్లగా లేచాడు.

"కూర్చోరా, నేనే చెప్తాను," అన్నాడు రామ్మూర్తి. "ఆ దవడ వీడిదండి. ఆ మిషను తల చుట్టూ తిరుగుతూ సన్నగా మోగుద్దండి, అచ్చం మా శ్రుతిపెట్టిలాగ. తల కదపొద్దన్నారు. నలభై ఏళ్ళ అలవాటండి, శ్రుతి వినపడితే తల ఊరుకోదు. రెండుసార్లు బొమ్మ చెదిరిపోయింది. ఇంకోసారి కదిపితే రేపు రమ్మన్నారు. సాయంత్రం చూస్తే పెళ్ళుంది. ఇంతలో ఆ తీసేవాడు భోజనానికెళ్ళి ఇంకొకావిడ వచ్చింది. పేరు పిలవగానే తోడొచ్చిన వీణ్ణి పంపేసేనండి. ఒకే మేళం కదా, కొలతలు అటూఇటుగా సరిపోతాయనుకున్నాను. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నానండి, పక్కన శ్రుతి ఎంత మోగినా వీడికి పట్టదు."