పన్నెండవ కన్ను

కామానది ఉత్తుంగతరంగములతో ఒడ్డును ఒరయుచుండ, పెర్మ్ నగరమునకు గంట రైలు దూరమున, జూలై మాసపు శనివారము మధ్యాహ్నము, దోసపాదులు తడిసి, బంగాళదుంప మళ్ళు బురదగుంటలై, వేసవి కుటీరముల రేకుకప్పులపై వర్షధారలు రణదుందుభులను మ్రోయించుచుండ, ఒకానొక అద్దాల వసారాలో, పువ్వుల రెక్సిన్ గుడ్డ పరచిన బల్లచుట్టు నలుగురు మహాయోధులు పేకలు చేపట్టి ఆసీనులైరి.

ఆ సమరము పేరు కొజ్యోల్, అనగా మేకపోతు. ఇరువురొక జట్టు, ఇరువురొక జట్టు. ఓడిన జట్టు కంచెకడకు నడచి, వీధి వీధియంతయు విన, ముమ్మారు మే మే యని అరవవలెను. వాన కురియుచున్నను మినహాయింపు లేదు.

ఇట్టి ఘోరప్రమాదమున చిక్కిన వీరాంగన ఊల్యానా. ఆ ఇంటి క్రొత్తకోడలు. ప్రొద్దున దోసకాయలు తరుగుచు ఈ విద్య నభ్యసించి, మధ్యాహ్నమునకే యుద్ధభూమికి ఈడ్వబడినది. ఏలయన, నిత్యము జోడీగా ఆడు మామగారు మోకాళ్ళ చికిత్సకై ఆరోగ్యధామమునకేగిరి. పుత్రరత్నమో, తల్లితో జోడీ యనగానే స్నానపుగదికి కట్టెలు కొట్టు నెపమున పలాయనము చిత్తగించెను.

ఆమె జోడీ సాక్షాత్తు అత్తగారు: రసాయనశాస్త్రము బోధించి సగము వీధిని పరీక్ష తప్పించిన ప్రచండాధ్యాపకురాలు, ఏనాడును మే యని యెరుగని అఖండకీర్తిశాలిని, గ్లఫీరా మత్వేయెవ్నా.

"చూడమ్మాయ్," అని ప్రొద్దుననే ఆమె ఉపదేశించినది. "జాకీలు నాలుగూ ఎప్పుడూ తురుఫే. అన్నిటికీ మొగుడు కళావర్ జాకీ. అది నీకొస్తే కుడి చెవి నిమురుకో. రాకపోతే చెవి జోలికి పోకు."

"దురద పుడితేనో, గ్లఫీరా మత్వేయెవ్నా?"

"ఓర్చుకో. నేను కంచె దగ్గర మే అన్నానంటే, రేపు ఏ మొహం పెట్టుకుని రొట్టెల కొట్టుకి వెళ్ళను? అక్కడ కూర్చునేది నా స్టూడెంటే!"

ఇట్టి సైగలను అక్కడివారు దీపస్తంభములని ముద్దుగా పిలుతురు. సైగ చేయుట దోషము కాదు. పగవాని కంటబడుటయే దోషము. అయ్యో, ఆ దోషము ఎన్నడో జరిగిపోయినది! ప్రతిపక్ష సేనాని, పొరుగింటి విశ్రాంత రైలుడ్రైవరు, దీర్ఘశ్మశ్రువు తిమోఫేయ్, గ్లఫీరాగారి చెవి మర్మమును చిరకాల పరిశీలనచే కనిపెట్టి, ఎవరికిని చెప్పక కడుపులో దాచుకొనియుండెను.

"టీచరమ్మా, గొంతు సవరించుకున్నారా?" అని అతడు పేకలు కలుపుచు కవ్వించెను. "పచ్చి గుడ్డు తాగండి, మే అనేటప్పుడు గొంతు బాగా పలుకుతుంది."

"గడ్డం ఎటూ ఉంది నీకు, తిమోఫేయ్. కొమ్ములే తక్కువ."

"ఆడండర్రా, టీ చల్లారిపోతోంది," అనెను అతని భార్యయు జోడీయు నగు నోన్నా, క్యాబేజీ కూరిన కజ్జికాయను కొరుకుచు.

పోరు సాగెను. గెలిచినప్పుడెల్ల, జట్టునకు రెండు చొప్పున ఒకదానిపై ఒకటి బోర్లించిన ఆరు చుక్కల ముక్కలను జరిపి చుక్కలు బయటపెట్టుట అచటి లెక్క. ఆ చుక్కల పేరు కళ్ళు. పన్నెండు కళ్ళు ముందు తెరచినవారిదే జయము. వాన హెచ్చెను, టీనీళ్ళు కాచు సమోవారు రెండుమారులు నిండుకొనెను. ఇరుపక్షములకు పదకొండేసి కళ్ళు. మిగిలినది ఒక్క ఆట. ఆ ఆటలోను చేతికి రెండేసి ముక్కలే మిగిలెను.

ఊల్యానా చేతిలోని ఆయుధసంపద యేమి? డైమన్ ఏడు, డైమన్ తొమ్మిది. అంతే. కూరలోకి కూడ పనికిరాని సరుకు.

అంతలో ఆకసమునుండి భీకర ఝంకారనాదముతో ఒక దోమ దిగి, సకల దేహమును విడిచి ఆమె కుడిచెవినే సింహాసనముగా గ్రహించెను. ఊల్యానా నిశ్చలయై, మనసున ఇట్లు గర్జించెను: "ఓసీ రక్తపిపాసీ! ఎడమచెవి లేదా? ముక్కు లేదా? ఆ మూల తిమోఫేయుగారి విశాలమగు బట్టతల లేదా? నా అత్తగారి మానము ఈ చెవితమ్మెపై వ్రేలాడుచుండ, నీవు దానినే కుట్టెదవా?"

అది కుట్టెను.

పర్వతములు చలింపకుండుగాక, ఊల్యానా చేయి చలించినది. చెవిని బరబర గోకుకొన్నది.

గ్లఫీరాగారి కన్నులు మెరసెను. కోడలి కడ కళావర్ జాకీ యున్నది! ఇక భయమేల? ఫెళ్ళున ఆఠీన్ ఆసును బల్లపై కొట్టెను. పదకొండు పాయింట్ల మహాస్త్రమది.

తరువాతి వంతు తిమోఫేయుది. అతని కడ ఆఠీన్లు లేవు. ఉన్నది ఇస్పేట్ జాకీ, డైమన్ ఎనిమిది. జాకీతో కొట్టినచో ఆసు అతనిదే. కాని చెవిని అతడును చూచియుండెను. తన వెనుక ఆడవలసిన ఊల్యానాకు ఆఠీన్లు ఎన్నడో నిండుకొన్నవి. పెద్దజాకీతో తన చిన్నజాకీని మ్రింగివేయదా? ఆగినచో, క్రొత్తపిల్ల గాబరాలో తన జోడీ ఆసునే తురుఫుతో కొట్టుకొనును. ఆ పెద్దజాకీ పోయిన పిమ్మట రాజ్యము తనది! ఇట్లు తలంచి అతడు గడ్డము దువ్వుకొనుచుండ, బల్లక్రింద నోన్నా అతని కాలు తొక్కెను.

"తొక్కకే, చూశాన్లే!" అని గొణిగెను.

మరల తొక్కెను.

"చూశానంటుంటే!" అని డైమన్ ఎనిమిదిని పారవేసెను.

ఊల్యానా డైమన్ ఏడు వేసినది. నోన్నా భర్తను భస్మము చేయు చూపు చూచి, రంగు తప్పరాదు గనుక, ఆఠీన్ తొమ్మిదిని విదిలించినది. ఆసు నిలిచినది!

కడపటి పట్టులో తిమోఫేయు జాకీ దిగెను. దానిపై ధబ్బున మరొక జాకీ పడెను. అది కళావర్. వేసినది నోన్నా.

"నీ దగ్గరుందా!"

"రెండుసార్లు తొక్కాను కదయ్యా! ఇంకేం చెయ్యను, కరవనా?"

పట్టులలోని పాయింట్లు లెక్కించిరి. వారికి యాబదితొమ్మిది, వీరికి అరువదియొకటి. ముక్కంటి తెరచినది మూడవ కన్నే. గ్లఫీరా మత్వేయెవ్నా చూపుడువ్రేలితో ఆరు చుక్కల ముక్కను మెల్లగా జరిపి పన్నెండవ కన్ను తెరచెను.

వానలో, ఒకే గొడుగుక్రింద, దంపతులిరువురు కంచెకడ ముమ్మారు అరచిరి. రెండవ అరపునకు ఎదురింటి కుక్క బదులు పలికెను.

అత్తగారు కోడలివైపు వంగిరి. "ఒసే, నీ దగ్గర లేనప్పుడు చెవెందుకు ముట్టావ్?"

"దోమండీ."

ఆమె ఎర్రబడిన చెవిని తేరిపార చూచి, మామగారికై దాచిన రాస్ప్‌బెర్రీ జాముసీసా మూత తీసి, నిండు గరిటెడు కోడలి సాసరులో వేసినది.

"దోమ అని చచ్చినా అనకు. వ్యూహం అని చెప్పు. మామగారు వచ్చినా సరే, జోడీ నువ్వే."

ఈ గాథను భక్తితో చదివినవారికి ఏ ఆటలోనైన ఒక్క పాయింటు అధికముగా వచ్చుగాక! రాకున్నచో, వారి కంచె వీధికి దూరముగా నుండుగాక!