ఆన్ అవుతుంది కదా మేడమ్

వాడిన కంప్యూటరు అనే వస్తువు ఈ లోకంలో అమ్మకానికి లేదు. ఉన్నవన్నీ 'అతి తక్కువగా వాడినవి'. ఇంకాస్త ఖరీదైతే 'దాదాపు కొత్తవి'. ఏదో పెద్దాఫీసు వాళ్లు ఏళ్ల తరబడి రాత్రీ పగలూ చాకిరీ చేయించుకుని, చివరికి దుమ్మయినా దులపకుండా తోలేసిన పెట్టెకు సైతం అమ్మకం రోజున పసితనం వచ్చేస్తుంది. (మనుషులకు ఈ సదుపాయం లేకపోవడం విచారకరం.)

అటువంటి దాదాపు కొత్త పెట్టె ఒకదాని మీద, ఇళ్ల ప్లాన్లు గీసే ఒకావిడ మనసు పడింది. చాలాకాలం ఒక ఇంజనీరు దగ్గర పనిచేసి, ఆయన అరుపులు పడలేక బయటికొచ్చి, ఇంట్లోనే గీసుకుంటోంది. ఇంట్లో అంటే ఫ్రిజ్ పక్కన ఉన్న బల్ల మీద. ఆ బల్లలో సగం అత్తగారిది, కూరలు తరుక్కోవడానికి. మిగతా సగంలో ఉన్న పాత కంప్యూటరు ఓ ఉదయం కాలిన వాసన వేసి కన్నుమూసింది.

సరిగ్గా అప్పుడే ఆవిడకు సొంతంగా మొదటి పెద్ద పని దొరికింది. మూడంతస్తుల ఇల్లు. మేస్త్రీ పునాదులకు మనుషుల్ని కూడా మాట్లాడేసుకున్నాడు.

పాత సామాన్లమ్మే కంపెనీ యాప్‌లో ఆవిడ చిన్న కంప్యూటరు బొమ్మ చూసింది. లావుపాటి పుస్తకమంత ఉంది. అత్తగారికి చూపించింది.

"ఇదైతే నా కూరల పళ్లేనికి అడ్డం రాదు. తెప్పించుకో అమ్మాయ్," అని పెద్దావిడ ఆమోదముద్ర వేసింది.

పెట్టె వచ్చింది. 'నిపుణులచే నలభై అంశాలలో పరీక్షింపబడినది' అని దాని మీద బంగారు రంగు చీటీ ఉంది. మీట నొక్కగానే వెలిగింది. మెయిల్లో ఉత్తరాలు తెరిస్తే తెరుచుకున్నాయి. ఆవిడ ఆనందంగా మూడంతస్తుల ఇంటి బొమ్మ తెరిచి, కింది అంతస్తు దాటి మెట్ల దగ్గరికి వెళ్లింది. టప్పున ఆరిపోయింది.

మళ్లీ ఆన్ చేసింది. మళ్లీ మెట్ల దగ్గరే ఆరిపోయింది. ఈ పెట్టెకు మేడ ఎక్కే ఓపిక లేదు.

ఆవిడ భర్త బస్సు డిపోలో గుమాస్తా. ఒకప్పుడు పక్కింటివాళ్ల ఫోన్‌ను బాగుచేసినందువల్ల (అది దానంతటదే బాగైంది) ఆ వీధిలో ఆయనకు కంప్యూటరు నిపుణుడని పేరుంది. ఆయన వైద్యంలో సర్వరోగాలకూ ఒకటే మాత్ర.

"ఆపి ఆన్ చేశావా?"

"అదే ఆగిపోతోందండీ. నేను ఆపక్కర్లేదు."

"దానంతటది ఆగితే లెక్కలోకి రాదు. మనం ఆపాలి," అని ఆయన స్వయంగా ఆపి, ఆన్ చేసి, వెలిగిన తెర వైపు అందరూ చూసేలా చెయ్యి చాపి, డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆయన వీధి మలుపు తిరిగేలోపే అది ఆరిపోయింది.

ఆవిడ కంపెనీకి ఫిర్యాదు చేసింది. కంపెనీ అధికారికంగా విచారం వ్యక్తం చేసి, 'గృహ సందర్శక పరీక్షాధికారి' అనే హోదా గల ఒక మనిషిని పంపించింది. మెడలో రెండు కార్డులున్నాయి. ఆయన చెప్పులు గుమ్మం బయట విడిచి, పెట్టెకు ఎదురుగా కూర్చుని, మీట నొక్కాడు. వెలిగింది.

"ఆన్ అవుతుంది కదా మేడమ్."

"ఆన్ అవుతుందండీ. ఉండదు."

"ఉండటం మా పరిధి కాదు మేడమ్. మా కాగితంలో 'ఆన్ అవుతుందా' అనే ఉంది."

"ఒక్క ఐదు నిమిషాలు కూర్చోండి. ఈ బొమ్మ తెరిచి చూపిస్తాను. మీ కళ్లముందే ఆరిపోతుంది."

ఆయన ముఖంలో మొదటిసారి భయం కనిపించింది. "ఐదు నిమిషాలు చూస్తే దాన్ని దీర్ఘకాలిక పరీక్ష అంటారు. దానికి పైవాళ్ల అనుమతి ఉండాలి. ఆ అనుమతి ఇచ్చే సార్ సెలవులో ఉన్నారు."

"ఎప్పుడొస్తారు?"

"నేను చేరాక ఇంకా రాలేదండీ."

కూరలు తరుగుతున్న అత్తగారు కత్తి పక్కన పెట్టింది. "ఇదిగో నాయనా, పెళ్లికొడుకు పీటల మీద కూర్చున్నాడు అంటే సరిపోతుందా? తాళి కట్టేదాకా ఉండాలా వద్దా?"

ఆయన ఆ ప్రశ్నను గౌరవంగా విని, దానికి కాగితంలో చోటు లేనందున నమోదు చేయకుండా లేచాడు. ఆయన మెట్లు దిగుతుండగానే ఫోన్‌కు సందేశం వచ్చింది: 'మీ సమస్య సంతృప్తికరంగా పరిష్కరించబడినది.' ఎవరి సంతృప్తి అన్నది అందులో లేదు.

ఆ మధ్యాహ్నం మేస్త్రీ ఫోన్ చేశాడు.

"అమ్మా, మనుషులు ఖాళీగా కూర్చున్నారు. ఇంటాయన కూడా గోల పెడుతున్నాడు. మీకు కుదరకపోతే ఫలానా ఇంజనీరు గారి దగ్గరికి వెళ్దామంటున్నాడు."

ఆ ఫలానా ఇంజనీరు ఎవరో ఆవిడకు చెప్పక్కర్లేదు. ఆయన గొంతు ఇప్పటికీ కలలోకి వస్తుంటుంది. "రేపు ఇచ్చేస్తాను మేస్త్రీగారూ, వెళ్లొద్దని చెప్పండి," అని ఫోన్ పెట్టేసి, ఫ్రిజ్‌కు ఆనుకుని కాసేపు నిలబడింది. తర్వాత ముక్కు తుడుచుకుని, పెట్టెను తిరగేసింది.

అడుగున చిన్న అక్షరాలతో, దీనికి తొంభై వాట్ల అడాప్టరు కావాలని రాసి ఉంది. కంపెనీ పంపిన అడాప్టరు తీసి చూసింది. అరవై ఐదు. తేలికపాటి పనికి ఆ కరెంటు సరిపోతోంది. ఇల్లు గీయబోతే చాలక చేతులెత్తేస్తోంది.

"పెద్ద గుండిగకు చిన్న పొయ్యి పెట్టారన్నమాట," అంది అత్తగారు.

ఆవిడ సహాయ కేంద్రానికి ఫోన్ చేసి, దొంగను పట్టిచ్చినంత ఉత్సాహంగా ఈ సంగతి చెప్పింది. అవతలి అమ్మాయి గొంతు తేనెలా ఉంది.

"మేడమ్, మీ కంప్యూటరు పరీక్షలో పాసైంది. మీ అడాప్టరు కూడా పాసైంది. వేరే విభాగంలో."

"రెండూ కలిపి పరీక్షించారా అమ్మా?"

"కలిపి పరీక్షించే విభాగం ఒకటి ఉండేదండీ. అందులో ఎక్కువ ఫెయిలవుతున్నాయని, నాణ్యత పెంచడానికి దాన్ని మూసేశారు."

"మరి నాకు సరైన అడాప్టరు ఎవరిస్తారు?"

"అడాప్టరు పాడైతే ఇస్తామండీ. మీది బాగానే పనిచేస్తోంది. అభినందనలు."

ఆవిడ అభినందనలు స్వీకరించి, చెప్పులేసుకుని, వెనక వీధిలోని రిపేరు దుకాణానికి వెళ్లింది. ఒక డబ్బా నిండా పాత అడాప్టర్లు చిక్కుపడి ఉన్నాయి. కొట్టతను, ఆవిడా చెరో కొస పట్టుకుని లాగి, తొంభైది ఒకటి బయటికి తీశారు. ఇంటికొచ్చి తగిలించింది. మెట్లు వచ్చాయి. మొదటి అంతస్తు, రెండో అంతస్తు, డాబా మీది నీళ్ల ట్యాంకు కూడా వచ్చింది. ఆవిడ కుర్చీలోంచి లేవకుండా గీసి, చెప్పిన మాట ప్రకారం మర్నాడు మేస్త్రీకి పంపింది. మనుషులు గునపాలు పట్టారు.

(ఆ పెట్టె నిలకడగా వెలుగుతుండటం చూసి భర్త, "నేను ఆపి ఆన్ చేసింది కాస్త ఆలస్యంగా పట్టింది," అన్నాడు.)

కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ ఆవిడది మంచి మనసు. తనలాగా ఇంకెవరూ ఇబ్బంది పడకూడదని, వాట్ల సంగతంతా పూసగుచ్చినట్టు రాసి యాప్‌లో పెట్టింది. కంపెనీ అది చదివి ఎంతో చలించి, ఆవిడను 'గౌరవ సముదాయ నిపుణురాలు'గా నియమించింది. ఈ పదవికి దరఖాస్తు అక్కర్లేదు. రాజీనామాకు కూడా వీలు లేదు.

ఆ రోజు నుంచి ఊరూరి వాళ్ల ఫిర్యాదులు ఆవిడ తెర మీదికి రావడం మొదలుపెట్టాయి. పెట్టెలో కంపెనీవాళ్లే అమర్చిన సహాయక ప్రోగ్రాం, సగం తెరను కప్పేస్తూ ఒక్కో ఫిర్యాదునూ చూపిస్తుంది. జవాబు ఇచ్చేదాకా పక్కకు తప్పుకోదు. వంటగది గీస్తుంటే సరిగ్గా గ్యాస్ బండ చోట వచ్చి కూర్చుంటుంది.

మొదటిది ఒక టైలరుది. జాకెట్ డిజైన్లు గీస్తుంటే ఆరిపోతోందట. ఆవిడ శ్రద్ధగా, 'పెట్టె అడుగున ఎన్ని వాట్లు రాసుందో చూసి, అంత అడాప్టరు కొనుక్కోండి' అని రాసింది. ప్రోగ్రాం ఒప్పుకోలేదు. నిపుణులు సొంత అభిప్రాయాలు రాయరాదని ఎర్రక్షరాల్లో హెచ్చరించింది. ఇచ్చిన జవాబుల్లోంచే ఒకటి ఎంచుకోవాలి. ఆన్ అవుతుంది. సమస్య కనిపించలేదు. వినియోగదారుకు వివరించడమైనది.

ఆవిడ టైలరు నంబరు పట్టుకుని ఫోన్ చేసి, విషయం చెప్పి, అప్పుడు 'వివరించడమైనది' నొక్కింది. తర్వాత ట్యూషన్ మాస్టారికి, ఫొటో స్టూడియో ఆయనకు కూడా అలాగే చేసింది. ఆ వారంలో గీసిన గోడలకంటే మాట్లాడిన ఫోన్లే ఎక్కువయ్యాయి.

"నీకు జీతమెంత ఇస్తున్నారమ్మాయ్?" అని అడిగింది అత్తగారు.

"గౌరవం అత్తయ్యా."

"అది కూరలో వేస్తే ఉప్పు సరిపోతుందా?"

క్రమంగా ఫోన్లు తగ్గాయి. వివరించకుండానే 'వివరించడమైనది' నొక్కడం అలవాటైంది. దాని ముందున్న 'వినియోగదారుకు' కూడా చదవాలి కాబట్టి, కొన్నాళ్లకు 'సమస్య కనిపించలేదు' నొక్కడం మరింత అలవాటైంది.

ఇంతలో మూడంతస్తుల ఇల్లు స్లాబు దాకా లేచింది. ఆ ఉదయం మేస్త్రీ లైన్లోనే ఉన్నాడు. "అమ్మా, కడ్డీలు కట్టేవాళ్లు వచ్చేశారు. ఆ స్లాబు బొమ్మలో కడ్డీలు ఎక్కడెక్కడ రావాలో చెప్పండి, తొందరగా." సరిగ్గా ఆ కడ్డీల మీద ఒక ఫిర్యాదు వచ్చి కూర్చుంది.

ఇళ్ల ప్లాన్లు గీసుకునే ఒక మనిషిదట. మెట్ల దగ్గరికి రాగానే ఆరిపోతోందట. పరిష్కరించామని ఎప్పుడో మూసేసిన తన ఫిర్యాదే తిరిగొచ్చిందని ఆవిడకు రెండో వాక్యంలో తెలిసింది. ఒక్క క్షణం చెయ్యి ఆగింది.

"అమ్మా, ఉన్నారా?" అన్నాడు మేస్త్రీ.

"ఉన్నాను," అని, ఆవిడ 'సమస్య కనిపించలేదు' నొక్కింది.

కడ్డీలు బయటపడ్డాయి. మేస్త్రీకి అన్నీ చెప్పి, ఫోన్ పెట్టేసేసరికి కంపెనీ నుంచి సందేశం వచ్చి ఉంది. మీ ఫిర్యాదును మా నిపుణురాలు పరిశీలించి పరిష్కరించారు, ఆవిడ పనితీరుకు ఎన్ని నక్షత్రాలిస్తారు అని.

పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుందిలే అనుకుని, ఐదూ ఇచ్చేసింది.