బావిలో మోటారు, చంకలో సిలిండర్లు

ఆళ్లగడ్డ దగ్గర మిరప వేసిన రంగయ్య ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. తాడు తెగి బావి అడుగుకు జారిన మోటారును టిఫిను వేళకు పైకి తీయాలి, ఎండ ముదరకముందే పైరుకు నీళ్లు కట్టాలి. ఈ రోజు తడి అందకపోతే మిరప నిలువునా ఎండుతుంది. బావి చూస్తే మహా లోతు. ఊరి ఈతగాళ్లు సగం దూరం మునిగి, కింద పాతాళంలో ఎవరో దగ్గుతున్నారని చెప్పి పైకొచ్చేశారు.

అందుకే భార్య గోవిందమ్మ తన అన్న కొడుకు క్రాంతి కుమార్‌ను నంద్యాల నుంచి పిలిపించింది. అతను గోవాలో సముద్రం అడుగున ఊపిరి పీల్చే విద్య నేర్చినవాడు. గాలి సిలిండరు వీపుకు కట్టుకుని, రెగ్యులేటరు నోట్లో కరుచుకుని దిగాడు. నడుమ రాతికట్టు ఉబ్బిన చోట తాబేలులా ఇరుక్కుని, గింజుకుని, మోకాళ్లు గీరుకుని పైకొచ్చాడు.

"మామా, ఇది వీపుకు కట్టుకుని దిగే బావి కాదు. ఇరుకులో పోవల్లంటే సంకకొక సిలిండరు కట్టల్ల. దేని రెగ్యులేటరు దానికే."

"బిర్రీన పోయి తేరా. మిరప నీకోసరం కాసుకోనుండదు."

అతను రెండో సిలిండరు తెచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. తీరా చూస్తే దాని మూతికి మర తిప్పి బిగించే రెగ్యులేటరు కావాలి. క్రాంతి తెచ్చిన రెగ్యులేటర్లు రెండూ పైనుంచి పట్టీ వేసి బిగించేవి.

"గ్యాస్ పొయ్యిది పెడితే పట్టదా?" అన్నాడు పక్కనే పల్లపు చేను ఉన్న ఏలీయా.

"పట్టదన్నా. పట్టినా నేను ఉడికిపోతా."

మళ్లీ నంద్యాల. ఈసారి అన్నీ సరిగ్గా కుదిరాయి. క్రాంతి రెండు ముద్దలు తినడానికి కూర్చున్నాడు. ఆ సందులో గోవిందమ్మ, ఇంటికి ఏ మిషను వచ్చినా చేసేదే చేసింది. సిలిండర్లకు పసుపు పూసి కుంకుమ పెట్టింది. నోట్లో పెట్టుకునేది కదా, మరీ మంచిదని రెగ్యులేటర్ల మూతుల లోపలికి కూడా వేలు పోనిచ్చి పూసింది.

క్రాంతి గాలి తిప్పగానే పసుప్పచ్చటి మేఘం లేచింది. పసుపు ముద్ద అడ్డుపడి లోపలి మూత మూసుకోలేదు. గాలి కట్టేద్దామని మర తిప్పబోతే పసుపు జిడ్డుకు చెయ్యి జారింది. రెండు సిలిండర్లూ పడగ విప్పిన పాముల్లా బుసకొట్టి బుసకొట్టి ఖాళీ అయ్యాయి.

"ఏం చేసినావత్తా! నంద్యాలలో ఇంగ లేవు, మళ్లీ గాలి నింపల్లంటే హైదరాబాదు పోవల్ల!"

"ట్రాక్టరుకూ పూసినా. అది ఎప్పుడన్నా బుస్సుమనిందా?"

రంగయ్య తువ్వాలు నెత్తిన వేసుకుని గట్టు మీద కూలబడ్డాడు. ఏలీయాకు జాలేసింది.

"నీళ్లే లేకుంటే సిలిండరెందుకన్నా? ఇంజన్లు పెట్టి తోడేస్తే పాయె."

అడిగి తెచ్చుకున్న ఇంజన్ల పైపులు పొట్టివి. మెరకనున్న రంగయ్య చేనికి అందవు. నీళ్లు పల్లానికి పరుగెత్తాయి.

"అన్నా, నీళ్లన్నీ నా చేన్లేకి పోతాండాయే!" అన్నాడు ఏలీయా దిగులుగా.

"పోనీలేప్పా. మనకు మోటారు ముఖ్యం."

పొద్దు గుంకేవేళకు బురదలో మోటారు తేలింది. క్రాంతి సిలిండరు లేకుండానే నిచ్చెన మీద దిగి తాడు కట్టాడు. పైకి లాగి స్విచ్ వేస్తే మోటారు గిర్రున తిరిగింది. రంగయ్య సంబరంగా బావిలోకి తొంగిచూశాడు. అడుగున ఒక కప్ప మెడ ఎత్తి అతన్నే చూస్తోంది.

"నీళ్లు మళ్లీ ఊరేకి ఎన్నాళ్లప్పా?"

ఏలీయా తడిసిన తన మిరపను చూశాడు, తర్వాత ఆకాశాన్ని చూశాడు. "వానొస్తే బేగానే అన్నా."

గోవిందమ్మ పసుపు గిన్నె తెచ్చి మోటారుకు నిండుగా పూసింది. ఈసారి క్రాంతే గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. అది ఊపిరి పీల్చేదీ కాదు, ఇప్పట్లో నీళ్లు తోడేదీ కాదు.