ఖాళీ కుర్చీ కాపలా

సత్తెకాలం సారు రాకముందు ఆ హైస్కూల్లో పిల్లలు ఎంతో ఐకమత్యంగా ఉండేవారు. ఒకడికి వచ్చిన జవాబు క్లాసు మొత్తానికీ వచ్చేది. ఒకడు తప్పు రాస్తే అందరూ అదే తప్పు రాసి మాట నిలబెట్టుకునేవారు. మాస్టర్లు కిటికీ దగ్గర నిలబడి మబ్బులు చూసేవారు. ఎవరికీ ఎవరి మీదా ఫిర్యాదు లేదు. అలాంటి పచ్చటి కాపురంలో నిప్పులు పోయడానికి దిగాడు ఈ కొత్త హెడ్మాస్టరు. తన చేతి గడియారం తప్పు చూపించిన రోజున కూడా ఆలస్యంగా వచ్చానని తన మీద తనే రాసుకునే మనిషి. అందుకే పిల్లలు ఆ పేరు పెట్టారు. ఆయన నిజాయితీ వల్ల అందరికంటే లోతుగా మునిగినవాడు చదువుకునేవాడూ కాదు, చదువు చెప్పేవాడూ కాదు. స్కూలు గోడకి ఆనుకుని రేకుల షెడ్డు వేసుకున్న వడ్రంగి.

వడ్రంగి ఏడో తరగతిలో బడి మానేశాడు. మానేశాడే గానీ వదల్లేదు, దాని గోడకే రంపాలు తగిలించుకుని బతుకుతున్నాడు. ఆ జాగా స్కూలుది. ఎవరైనా కూపీ తీస్తే ఒకటే జవాబు. "పాత హెడ్మాస్టరుగారు స్వయంగా నోటితో చెప్పారండీ. 'నువ్విక్కడే ఉండరా, ఎవడు లేపుతాడో చూస్తాను' అన్నారు." పాత హెడ్మాస్టరు పోయి చాలా కాలమైంది. పోయినవాళ్లతో ఉన్న సుఖం అదే, కాదనరు.

ఆ ఉదయం వడ్రంగి పెట్టుకున్న పని చిన్నది. ఓ ఇంటివాళ్ల బీరువాకి తలుపులు చెయ్యాలి. కర్ర చాల్లేదు, ఎక్కడ దొరుకుతుందో ఆలోచించుకోవాలి. ఆలోచన తెగకపోతే రంపపు పొట్టు గుట్ట మీద కాసేపు నడుం వాల్చాలి. సరిగ్గా అప్పుడే సత్తెకాలం సారు వచ్చాడు. వెనకాలే అటెండరు టేకు పలకలు మోసుకొచ్చి దించాడు.

"ఓ కుర్చీ చెయ్యాలి నాయనా. పెద్దది, చేతులున్నది."

"ఎవరు కూర్చోడానికండీ?"

"ఎవరూ కూర్చోరు."

వడ్రంగి చెవి మీది పెన్సిలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "ఎవరూ కూర్చోకపోతే కుర్చీ ఎందుకండీ?"

"అంతరాత్మ కూర్చుంటుంది. ఈసారి పదో తరగతికి మన స్కూలు పెట్టే పరీక్షకి గదిలో మాస్టరు ఉండడు. బోర్డు ముందు గట్టు మీద ఖాళీ కుర్చీ ఒక్కటే ఉంటుంది. దాన్ని చూసి పిల్లలు తమని తామే కాపలా కాసుకుంటారు."

"అలాగేనండీ," అన్నాడు వడ్రంగి, పిచ్చివాళ్లతో ఎలా మాట్లాడాలో అలా.

ఆయన వెళ్లాక టేకు మీద అరచెయ్యి వేసి చూశాడు. నున్నగా, నిండుగా, బీరువా తలుపుల కోసమే పుట్టినట్టుంది. అంతరాత్మ బరువెంత? ఏమీ ఉండదు. బరువు లేనివాళ్ల కింద టేకు పెట్టడం పాపం కాదా? షెడ్డు వెనకాల చూస్తే పాత బెంచీలు గుట్టగా పడున్నాయి. సత్తెకాలం సారు వచ్చీ రాగానే పీకించి పారేసినవవి. వాటి పైనా కిందా తరతరాల పిల్లలు కంపాసు ముల్లుతో జవాబులు చెక్కుకున్నారు. లెక్కల బెంచీ, సైన్సు బెంచీ, రాజుల బెంచీ అని వాటికి పేర్లుండేవి. పోయే ఏడాది పిల్లలు వచ్చే ఏడాది పిల్లలకి అప్పజెప్పి మరీ పోయేవారు. వడ్రంగి వాటిని కోశాడు. పైకి కనిపించే వైపు చిత్రిక పట్టి రంగేశాడు. కింద ఎవడు చూస్తాడని వదిలేశాడు.

జిగురు పెట్టేటప్పుడు కుర్చీ కాళ్లు పట్టుకుంది అతని కూతురు. పదో తరగతి, అదే స్కూలు.

"నాన్నా, ఇది టేకు కాదుగా?"

"గట్టిగా పట్టుకో తల్లీ."

"అతుకు వదులుగా ఉంది నాన్నా, కదుల్తోంది."

"పొట్టూ జిగురూ కలిపి కూరితే సరి. కూర్చునేవాడికి ఒళ్లుంటేగా!"

టేకు బీరువా తలుపులై వెళ్లిపోయింది. కుర్చీ పరీక్ష గదికి వెళ్లింది.

పరీక్ష రోజు కిటికీలు మూయించారు. బయటినుంచి సాయం రాకుండా. తలుపు దగ్గరగా వేశారు. గదిలో క్లాసు మొత్తం పిల్లలు, పైన నెమ్మదిగా తిరిగే ఫ్యాను, గట్టు మీద ముదురు రంగు కుర్చీ. పిల్లలు ముందు ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు. ఇంత అదృష్టం ఎప్పుడూ చూడలేదు. మొదటి బెంచీలో దగ్గుగాడు గొంతు సవరించుకున్నాడు. వాడి దగ్గులే క్లాసుకి జవాబులు. ఎన్ని దగ్గులైతే అన్నో నంబరు జవాబు. వాడు ఒకసారి దగ్గాడు.

కిర్ర్ర్.

ఎవరో లావాటి మనిషి కుర్చీలో ముందుకి వంగి, ఎవరా అని చూసినట్టుంది ఆ చప్పుడు.

దగ్గుగాడు ఆగాడు. కుర్చీ ఖాళీ. ధైర్యం చేసి ఇంకోసారి దగ్గాడు. కిర్ర్ర్. ఈసారి ఇంకొంచెం ముందుకి వంగినట్టుంది. వాడు మూడో దగ్గు మింగేశాడు. కళ్లనిండా నీళ్లొచ్చాయి. వెనకాల ఒకడు సాక్సులోంచి చిట్టీ లాగబోయి, చేతిని అలాగే కాలి మీద ఉంచేసి గోక్కుంటున్నట్టు కూర్చున్నాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. గట్టు మీద పల్చటి నీడ కదిలి, కుర్చీ చేతుల మీద ఆగింది.

గంట కొట్టాక అందరూ లేచారు. వరసగా వెళ్లి చిట్టీలన్నీ తీసి కుర్చీలో పెట్టి, వెనక్కి తిరక్కుండా బయటికి నడిచారు. వసారాలో అటెండరు పిల్లలు చెప్పింది విని తెల్లబోయాడు. "పోయిన హెడ్మాస్టరుగారు కూర్చుంటే అచ్చం అలాగే కిర్రుమనేదర్రా. వంగి చూస్తే అలాగే." అంతే, ఆ మాట సాయంత్రానికి ఇల్లిల్లూ తిరిగింది. లెక్కల మాస్టారు ఆ గదిలోకి వెళ్లడం మానేశాడు. అడిగితే దుమ్ము పడదన్నాడు.

సత్తెకాలం సారు మాత్రం చిట్టీల గుట్ట చూసి కళ్లు తుడుచుకున్నాడు.

వడ్రంగికి నవ్వొచ్చింది. "దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఎండెక్కేసరికి గది వేడెక్కుతుంది, పైనుంచి ఫ్యాను గాలి. జిగురు ఎండి అతుకు విచ్చుకుంటోంది. అంతే."

"నాకు తెలుసుగా నాన్నా," అంది కూతురు. అని కొంచెం నవ్వింది. ఆ నవ్వేమిటో అతను పట్టించుకోలేదు.

పరీక్షలయ్యాయి. పేపర్లు దిద్దారు. క్లాసంతా బోర్లా పడింది. దగ్గుగాడు ఒక పేపరులో తన పేరు కూడా సగమే రాశాడు. వడ్రంగి కూతురు స్కూలు ఫస్టు.

సత్తెకాలం సారు ఆ వార్త చెప్పడానికి షెడ్డుకి స్వయంగా వచ్చాడు. "చూశావా నాయనా! కాపీ లేకపోతే అసలు బంగారం ఎక్కడుందో తెలిసింది."

వడ్రంగి ఛాతీ విశాలమైంది గానీ, ఇంటికెళ్లేలోగా సన్నబడింది. ఆ పిల్ల పుస్తకం తెరవగా అతను చూసింది తక్కువ.

"ఏమే అమ్మడూ, ఇంత చదువు ఎప్పుడు చదివావే?"

"చదవడమెందుకు నాన్నా? అందరూ కుర్చీ వంక చూస్తున్నారు. నా వంక చూసేవాళ్లెవరు? ఒళ్లో పుస్తకం పెట్టుకుని రాశాను. చప్పుడు జిగురుదని నాకొక్కదానికేగా తెలుసు!"

వడ్రంగి పెళ్లాం పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి తిరిగింది. "తండ్రినీ కూతుర్నీ ఒకే చెక్కతో చేశాడు దేవుడు. చిత్రిక కూడా పట్టలేదు."

అక్కడితో ఆగినా బాగుండేది. సత్తెకాలం సారు ఈ వింత గురించి పైవాళ్లకి రాశాడు. పెద్దాఫీసరు వస్తున్నానన్నాడు. ఫస్టొచ్చిన పిల్లని ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి పతకం వేస్తాడట. కుర్చీ తయారీ కూడా చూస్తాడట. నచ్చితే అన్ని స్కూళ్లకీ అలాంటివే చేయిస్తాడట. వడ్రంగికి చెమటలు పట్టాయి. పిల్ల కూర్చోగానే కుర్చీ విరిగితే టేకు సంగతి బయటపడుతుంది. టేకు సంగతి బయటపడితే షెడ్డు ఎగిరిపోతుంది. షెడ్డు పోతే గోడ లేకుండా రంపాలు ఎక్కడ తగిలించుకోవాలి?

ఆఫీసరు వచ్చే రోజు పొద్దున్నే, గంట కొట్టకముందే, మెరుగు పెట్టాలని చెప్పి అటెండరు దగ్గర తాళం తీసుకుని కూతురితో వెళ్లాడు. కుర్చీని తిరగేసి, ప్రతి అతుకులోనూ చెక్క చీలలు దిగ్గొట్టాడు. తర్వాత తను కూర్చున్నాడు. ఊగాడు. ఎగిరి కూర్చున్నాడు. చప్పుడు లేదు. కూతుర్ని కూడా ఒళ్లో కూర్చోబెట్టుకుని ఊగాడు.

"విన్నావా?"

"ఏం వినపళ్లేదు నాన్నా."

"అదీ! ఇక ఏనుగొచ్చి కూర్చున్నా ఇది నోరెత్తదు."

పెద్దాఫీసరు వచ్చాడు. సన్నటి మనిషి, నవ్వు కూడా కొలిచి నవ్వే రకం. గేటు దగ్గరే ఆగి రేకుల షెడ్డు వైపు చెయ్యి చూపించాడు. "ఇదేమిటి గోడకి?"

"కుర్చీ చేసిన వడ్రంగిదేనండీ. పాత హెడ్మాస్టరుగారు మాటిచ్చారట," అన్నాడు సత్తెకాలం సారు.

"తర్వాత చూద్దాం," అన్నాడు ఆఫీసరు. ఆ 'తర్వాత' అనే మాట వడ్రంగి పొట్టలో చీలలా దిగింది.

అదే గది. కిటికీలు మూసే ఉన్నాయి. పిల్లలంతా అవే చోట్ల కూర్చున్నారు, ఎవరూ కదలడం లేదు. ఫ్యాను తిరుగుతోంది. వడ్రంగి గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని కూతురు గట్టెక్కి కుర్చీలో కూర్చుంది. చప్పుడు లేదు. వడ్రంగి ఊపిరి వదిలాడు.

"భయపడకమ్మా," అన్నాడు ఆఫీసరు. "నీ మార్కులు నువ్వు తెచ్చుకున్నవేనని నీ నోటితో అందరికీ చెప్పు."

"నా మార్కులు నేను తెచ్చుకున్నవే సార్."

కిర్ర్ర్.

పిల్ల కింద కుర్చీ వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అది ఆమెకే తెలుసు. గుమ్మం దగ్గర్నుంచి వడ్రంగికి చీలలు కనిపిస్తున్నాయి, దిగ్గొట్టినవి దిగ్గొట్టినట్టే ఉన్నాయి. గదిలో అందరూ తలలు దించుకున్నారు. వాళ్లకి ఇది అలవాటైన భయం. తండ్రీకూతుళ్లకి మాత్రం కొత్త.

"నాన్నా," అంది పిల్ల. గుమ్మం వైపు తిరిగింది. "పొద్దున బిగించాంగా?"

అతను మళ్లీ చీలల వంక చూశాడు. ఆ పిల్ల లేచి నిలబడింది. పతకం కోసం వేసుకున్న రిబ్బన్లు సర్దుకుంది. "పుస్తకం చూసి రాశాను సార్. అన్ని పేపర్లూ."

సత్తెకాలం సారు ముఖం చూసేట్టు లేదు. ఆఫీసరు మాత్రం కొలిచి నవ్వాడు. "నాసిరకం కుర్చీ. పిల్లలు జడుసుకున్నారు. ఎవరయ్యా చేసింది? ఏం కర్ర ఇది?"

వడ్రంగి ముందుకొచ్చాడు. "టేకేనండీ. సారు ఇచ్చిందే."

కిర్ర్ర్.

ఇప్పుడు కుర్చీలో ఎవరూ లేరు.

"బెంచీలండీ," అన్నాడు వడ్రంగి వెంటనే, ఎవరో వీపు మీద చరిచినట్టు. "పాత బెంచీలు. టేకు తలుపులైపోయిందండీ."

ఆఫీసరు సైగ చేస్తే అటెండరు కళ్లు మూసుకుని కుర్చీని తిరగేశాడు. కిందంతా జవాబులు. సూత్రాలు, యుద్ధాలు, రాజులు, గుణకారాలు, ఒకదాని మీద ఒకటి. పిల్లలు మెడలు చాచి చూశారు. ఇన్నాళ్లూ తమని కాపలా కాసినదాని కడుపునిండా చిట్టీలే. దగ్గుగాడికి వాళ్ల అన్న చేతిరాత కూడా కనిపించింది.

ఆఫీసరు ఒక్కో కాలూ పట్టుకుని ఊపాడు. బలమంతా పెట్టి ఊపాడు. చప్పుడు లేదు. ఈసారి నవ్వు కొలవడం మర్చిపోయాడు. చెయ్యి రుమాలుకి తుడుచుకుని, మాట మార్చడానికన్నట్టు అడిగాడు. "సరే, అది పోనీ. ఆ షెడ్డు జాగా నీకెవరిచ్చారు?"

"పాత హెడ్మాస్టరుగారండీ. స్వయంగా నోటితో..."

వడ్రంగి ఆగాడు. కుర్చీ వంక చూశాడు. అది నాలుగు కాళ్లూ పైకి పెట్టుకుని పడుంది. ఈసారి కిర్రుమనలేదు. ఏమీ అనలేదు. ఎవరో పూర్తిగా ముందుకి వంగి, మిగతా మాట కోసం చెవి పెట్టి కూర్చున్నట్టుంది. ఫ్యాను చప్పుడు కూడా తగ్గినట్టనిపించింది. చప్పుడైతే భరించగలిగేవాడేమో.

"...ఇవ్వలేదండీ," అన్నాడు. "ఒకసారి అడిగితే బెత్తం తీసుకుని గేటుదాకా తరిమారు."

కుర్చీ మెల్లగా కిర్రుమంది. విన్నది చాలనుకుని ఎవరో వెనక్కి చేరగిలబడ్డట్టు.

నిజం ఒప్పుకున్నందుకు సత్తెకాలం సారు అందరి ముందూ వడ్రంగిని కౌగలించుకుని ఏడ్చాడు. పిల్ల మళ్లీ పరీక్ష రాసి, బొటాబొటీగానైనా సొంతంగా గట్టెక్కింది. బీరువా ఇంటివాళ్లు తలుపులు ఊడదీసి ఇచ్చేశారు. కుర్చీని ఎవరూ ముట్టుకోలేదు. అది ఇంకా ఆ గదిలోనే ఉంది, లెక్కల మాస్టారికి ఇంకా దుమ్ము పడడం లేదు. ఆఫీసరు రాసుకుపోయిన ప్రకారం ఆ వారంలోనే షెడ్డు పీకేశారు. పోయిన జాగా పద్నాలుగు అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు. కొలవడానికి వచ్చినవాళ్లు టేపు మర్చిపోయి వస్తే, వడ్రంగి తన టేపే ఇచ్చాడు.